నీళ్లు తేటపడే దాకా

ఏమీ కనబడటం లేదు. ఎదురుగా ఉన్న తెరలన్నింట్లోనూ ఒకటే రంగు, పాలు ఎక్కువైపోయిన టీ రంగు, అందులో నలకలు, నలకల వెనక మళ్లీ నలకలు, పైకి పోతున్నాయో కిందికి దిగుతున్నాయో తెలియకుండా మెల్లగా తిరుగుతున్నాయి. ఇప్పుడు నా పని ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. జాయ్‌స్టిక్ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సముద్రం అడుగున ఉన్న రోబో పంకాలు తిరుగుతాయి, పంకాలు తిరిగితే ఉన్న బురదకి ఇంకాస్త బురద తోడవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లంతా చేసే తప్పు అదే, కనబడటం లేదని కంగారుపడి కదులుతారు, కదిలి అసలే కనబడకుండా చేసుకుంటారు. నాకీ పని నేర్పిన ముసలాయన మొదటి వారమంతా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేనిదాన్ని, లిఫ్టు రావడం ఆలస్యమైతే మెట్లెక్కిపోయేదాన్ని, ఊరికే కూర్చోవడమే పనితనం అంటే నాకెలా తలకెక్కుతుంది? ఇన్నేళ్లయినా ఎక్కలేదు. ఇప్పుడూ చేతులు తొడల కిందే ఉన్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, తిమ్మిరి అనుకోగానే మళ్లీ తమ్ముడి చెయ్యే గుర్తొస్తోంది. వద్దు. నలకలు చూడు.

మా రోబోకి కంపెనీవాళ్లు అక్షరాలూ అంకెలూ కలిపి ఏదో పేరు పెట్టారు, ఓడ మీద మాత్రం అందరూ గేదె అంటారు. కారంత ఉంటుంది, పసుప్పచ్చ రంగు, ముందు రెండు ఇనప చేతులు, నెత్తిన లైట్లు, దింపితే చాలు బురదలో బైఠాయించడానికి చూస్తుంది. అది అడుగున, నేను పైన డెక్ మీద ఈ ఇనప డబ్బా గదిలో, మా ఇద్దరికీ మధ్య బొటనవేలంత లావు పసుపు కేబుల్. కరెంటు పోయేది అందులోంచే, బొమ్మ వచ్చేదీ అందులోంచే. మేం విప్పుతున్నది ఒకప్పుడు నూనె తోడిన కట్టడం. నూనె అయిపోయింది, తోడినవాళ్లు పోయారు, ఇనుము మిగిలింది. పై అంతస్తులు పోయిన నెలలోనే క్రేన్‌తో లేపి తీసుకుపోయారు, ఇప్పుడు నీళ్లలో కాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయి, మీద పలక ఊడదీసిన బల్లలాగా. ఆ కాళ్లను ఒక్కొక్కటే కొయ్యాలి. కాలి చుట్టూ రంపం బిగిస్తాం, రంపమంటే పళ్లరేకు కాదు, వజ్రపు పొడి అద్దిన తీగ, గిరగిరా తిరుగుతూ ఇనుముని జున్నుముక్కలా కోస్తుంది. పైనుంచి క్రేన్ కాలిని పట్టుకుని ఉంటుంది, కోతలోకి కాలు కుంగి తీగని నొక్కెయ్యకుండా. ఇందాక సగం పైగా కోసేసరికి కుంగనే కుంగింది. ధడ్‌మని ఏమీ వినబడలేదు, మాకు చెవుల్లేవు, తెర ఒక్కసారి వణికింది, అడుగునున్న బురదంతా లేచి మొహాన కొట్టినట్టయింది. అంతే. అప్పటికి గేదె కేబుల్ ఉండాల్సిన చోట లేదు. అది నా నిర్వాకం.

ఈ పనిలో అన్నిటికన్నా ముందు నేర్పేది ఒకటుంది, ఎటునుంచి వెళ్లావో అటునుంచే వెనక్కి రా. స్తంభం కుడిపక్కనుంచి అవతలికి వెళితే మళ్లీ ఆ కుడిపక్కనుంచే ఇవతలికి రావాలి, దగ్గరదారి అని ఎడమ పక్కనుంచి వచ్చావా, వెనకాల కేబుల్ స్తంభానికి చుట్టుకుని కూర్చుంటుంది. ఇది నాకు ఒంటికి పట్టేసింది. ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ తిరిగి వడ్డించానంటే మళ్లీ అదే దారిన తిరిగొస్తాను, మా ఆయన కంచం ముందు కూర్చుని తమాషా చూస్తుంటాడు, “ఏంటే, తోక చిక్కుకుంటుందా?” అంటాడు. సూపర్‌మార్కెట్‌లో సబ్బుల వరసలోకి వెళ్లి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంటే మా అమ్మాయి సిగ్గుతో నాకు సంబంధం లేనట్టు దూరంగా నిలబడుతుంది. అంత ఒంటికి పట్టినదాన్ని, ఇవాళ రంపం అవతలి పక్క చూడటానికి కాలికి కుడిపక్కనుంచి వెళ్లి ఎడమపక్కనుంచి వచ్చాను. ఎవరో తోసినట్టు కాదు, చక్కగా, నెమ్మదిగా, నా చేత్తో నేనే తిప్పుకుంటూ వచ్చాను. కేబుల్ కాలికి చుట్టుకుంది, కాలు కుంగింది, రంపం బిగింపుకీ కాలికీ మధ్య కేబుల్ నలిగి ఉంటుంది. ఉంటుంది అంటున్నాను, చూడందే తెలీదు. చూడాలంటే నీళ్లు తేటపడాలి.

పక్క కుర్చీలో ఇనప చేతులు నడిపే కుర్రాడు బిస్కెట్ నములుతున్నాడు. వీడికి మౌనం అని పేరు పెట్టాం. చుట్టుకుంటోందని వాడు చూసి ఉండడా? చూసే ఉంటాడు. మేడమ్ చేస్తోందంటే ఏదో ఉంటుందిలే అనుకుని ఉంటాడు. నోట్లో బెల్లంగడ్డ ఉన్నవాడిలా కూర్చుంటాడు, మంచివాడే, కానీ ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. వాడిననేం లాభం. పొద్దున టిఫిన్ల దగ్గర నేనా కప్పు చూడకుండా ఉంటే ఇదంతా జరిగేదే కాదు.

పొద్దున తమ్ముడు, వాడూ ఈ ఓడ మీదే డైవర్, నా ఎదురుగా కూర్చుని ఏదో కథ చెప్తున్నాడు, ఎవడో వంటగదిలో ఉప్పు డబ్బాకీ చక్కెర డబ్బాకీ మూతలు మార్చిన సంగతి. నవ్వుతూ, వాడే నవ్వుకుంటూ, కుడిచేత్తో కప్పు పట్టుకుని. ఓడ కాస్త ఒరిగింది, కప్పూ ఒరిగింది, పొగలు కక్కే టీ వాడి వేళ్ల మీదుగా కారి బల్ల మీద పడుతోంది. వాడు చెప్పుకుపోతున్నాడు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు, వేళ్లు ఎర్రబడటం కనబడుతోంది. వాడు నా మొహం చూసి, నా చూపు ఎటుందో చూసి, అప్పుడు కప్పు దింపాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. “ఎప్పటినుంచిరా?” అన్నాను. “అప్పటినుంచే” అన్నాడు. అప్పుడంటే వాడు లోతునుంచి తొందరగా పైకి లాగబడి, రక్తంలో గాలి బుడగలు కట్టి, ఒళ్లంతా మెలితిరిగిపోతే, ఆ బుడగలు కరగడానికి గాలి ఒత్తిడి పెంచే ఇనప గదిలో పడుకోబెట్టినప్పుడు. డాక్టర్లు చెయ్యి పిడికిలి పట్టమన్నారట, వీడు ఉక్కులాంటి పిడికిలి పట్టాడట, బాగుంది పో అన్నారట. బలానికేం, బలముంది. స్పర్శే లేదు. “తగ్గిపోయిందని చెప్పావు కదరా” అంటే, “నీకు చెబితే ఊరంతా తెలుస్తుందని” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “అమ్మకి చెప్పకు. ఇక్కడ అసలు చెప్పకు. చెబితే ఇంకెవడూ నన్ను నీళ్లలోకి దించడు.” నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ చుట్టూ జనం. ఆ మంటతోనే వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను, దాంతోనే ఎడమపక్కనుంచి తిరిగి వచ్చాను.

నలకలు దిగుతున్నాయి. కాసింత. తెర మూల ఏదో నల్లగా కనబడి మళ్లీ మాయమైంది. నెత్తి మీద స్పీకర్ కరకరలాడింది, మా సూపర్‌వైజర్, మేం గడియారం అంటాం, ఎందుకంటే ఆయన ఏ మాట మొదలుపెట్టినా టైముతోనే మొదలుపెడతాడు. “టైమైపోతోందమ్మా. నీళ్లు నిలిచి ఉండేది ఇంకాసేపే. తర్వాత ప్రవాహం మొదలవుతుంది. కనబడుతోందా?” “దిగుతోంది సార్.” “దిగకపోతే డైవర్‌ని దింపుతాను. రెడీ అవమన్నాను.” రెడీ అవమన్నాడు. డైవర్లలో ఇవాళ వంతు ఎవరిదో నాకు తెలుసు, అయినా డెక్ కెమెరా ఉన్న చిన్న తెర వైపు చూశాను. వాడే. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, నల్ల సూటు నడుం దాకా ఎక్కించాడు, తోడుగా ఉండేవాడు గొట్టాలు సర్దుతున్నాడు. తమ్ముడు కాళ్లూపుతున్నాడు. సంతోషం వచ్చినప్పుడు వాడు అలాగే కాళ్లూపుతాడు, పెళ్లిపీటల మీద కూడా మోకాళ్లు ఊపితే అమ్మ తొడ మీద ఒక్కటేసింది. ఎందుకు ఊపడు? ఈ ఓడ ఎక్కి నెలలైంది, ఒక్కసారి నీళ్లలోకి దిగలేదు. అవసరమొస్తే ఉండాలని డైవర్లని పెట్టుకుంటారు గానీ అవసరం రానివ్వరు, అన్నీ గేదె చేసేస్తుంది. గేదె అంటే నేను. వాళ్లు రోజంతా గొట్టాలు తుడుచుకుంటూ, పేకాడుకుంటూ, తిట్టుకుంటూ ఉంటారు. “మా అక్క ఏసీ గదిలో కూర్చుని నా అన్నం తింటోంది” అని వాడు అందరి ముందూ అంటాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, వాడు మాత్రం మరీ అంత నవ్వడు.

అమ్మకైతే మా ఇద్దరి ఉద్యోగాలూ తారుమారుగా అర్థమయ్యాయి. రోబో పైలట్ అంటే నేనే ఆ రోబోలో కూర్చుని అడుగుకి వెళ్తాననుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా సరేనంటుంది, మర్నాడు ఇరుగుపొరుగుతో మా అమ్మాయి సముద్రం అడుగునుంటుందమ్మా, అబ్బాయి నయం, ఓడ మీదే ఉంటాడు అంటుంది. ఫోన్ చేస్తే వాడికి చెప్తుంది, అక్కని చూసుకోరా అని. వాడు అలాగేనమ్మా అంటాడు, నా వైపు కన్ను కొడతాడు. చిన్నప్పుడు పెరట్లో నీళ్ల డ్రమ్ము ఉండేది, వాడు తల ముంచి ఊపిరి బిగబట్టేవాడు, నేను లెక్కపెట్టాలి. నాకు ఓపికేదీ? కాసేపు లెక్కపెట్టి, భయమేసి, జుట్టు పట్టుకుని పైకి లాగేసేదాన్ని. వాడు దగ్గుతూ, చీమిడి ముక్కుతో ఏడ్చేవాడు, ఇంకా ఉండగలిగేవాణ్ణి, నువ్వే పాడుచేశావని. నిజమే కావచ్చు, వాడు ఉండగలిగేవాడేమో. అప్పటినుంచీ మా ఇద్దరికీ అదే గొడవ, వాడు ఎంతసేపు ఉండగలడన్నది వాడు తేల్చుకోవాలా నేను తేల్చాలా అని.

అడుగున డైవర్‌కి కళ్లు పనిచెయ్యవు. ఇది పైన ఉన్నవాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఇలాంటి బురదలో మొహం ముందు చెయ్యి పెట్టుకున్నా కనబడదు, తడుముకుంటూ పోవాలి, ఏది తాడో ఏది తీగో ఏది కోసుకుపోయే అంచో వేళ్లే చెప్పాలి. డైవర్‌కి వేళ్లే కళ్లు. వీడు వెళ్లి చెయ్యాల్సింది ఆ బిగింపు మరలు విప్పి కేబుల్ లాగడం. పక్కనే సగం తెగిన కాలు, దాని లోపల ఇరుక్కున్న వజ్రపు తీగ, పైన క్రేన్ మీద వేలాడుతున్న బరువు. స్పర్శ లేని చెయ్యి ఆ సందులో పెడతాడు. అది ఎక్కడుందో వాడికే తెలియదు. కాలు ఇంకొక్క వేలెడు కుంగితే చాలు, వాడికి నొప్పి కూడా తెలియదు, లాగితే రాదు, అప్పుడు తెలుస్తుంది. ఛీ, ఏం ఆలోచనలివి. కానీ ఆలోచన కాదు, లెక్క. ఎవరు వేసినా అదే లెక్క వస్తుంది, వాడు తప్ప.

తేటపడింది. పైనుంచి పరదా జారినట్టు కాదు, మెల్లగా, ముందు గేదె ముందున్న నేల, తర్వాత కాలి మొదలు, దాని మీద పెరిగిన నాచు, గుల్లలు, ఆ తర్వాత రంపం పసుపు చట్రం. ఒక చేప వచ్చి కెమెరాలోకి చూసి పోయింది. ఒక్క పంకా ఒక్క పిసరు తిప్పాను, గేదె మొహం పక్కకి తిరిగింది, కేబుల్ కనబడింది. అనుకున్నట్టే ఉంది. కాలి వెనకనుంచి చుట్టుకుని వచ్చి బిగింపు కింద దూరి నలిగిపోయింది, ఇంకా తెగలేదు, బొమ్మ వస్తోందంటే తెగలేదనే. లాగితే రాదు. ఇనప చెయ్యి ఎంత చాపినా ఆ మరల దాకా అందదు, ముందుకెళ్దామంటే కేబులే వెనక్కి పట్టి లాగుతోంది. మౌనం మొదటిసారి నోరు తెరిచి, “అందదు మేడమ్” అన్నాడు. నాకు తెలియదా.

“చూశాను” అంది స్పీకర్. గడియారం గదిలోనూ ఇవే తెరలు. “టైముంది. మరలు విప్పడమే కదా. డైవర్‌ని పంపిస్తున్నా.” నేను మైకు మీట నొక్కి, “సార్, కేబుల్ కోసేద్దాం” అన్నాను. “కోస్తే గేదె పోతుంది.” “పోదు సార్, నీళ్లకన్నా కాస్త తేలికే, దాని పైన ఏ అడ్డమూ లేదు, దానంతటదే తేలి వస్తుంది.” “కొత్త కేబుల్ వేసేదాకా పని ఆగిపోతుంది, ఎన్ని రోజులో తెలుసా? మనిషి చేతిలో ఉండగా కోయడమేంటమ్మా? డైవర్ తయారుగా ఉన్నాడు, నీళ్లు నిలిచి ఉన్నాయి, ఇంకేం కావాలి?” ఆయన్ననడానికేం లేదు, ఆయన చోట నేనుంటే అదే అనేదాన్ని. ఇంతలో మధ్యలో ఇంకో గొంతు, డెక్ మీదినుంచి, హుషారుగా, “అక్కా, నువ్వు ఇరికించావు, నేను విప్పుతాలే. కదలకుండా కూర్చో.” తెర మీద చూస్తే వాడు కెమెరా వైపు చెయ్యి ఊపుతున్నాడు. ఎడమ చెయ్యి.

ఒక్క మాట చాలు. సార్, వాడి కుడిచెయ్యి మొద్దుబారి ఉంది, అంతే. వాణ్ణి అక్కడే ఆపేస్తారు. ఇవాళే కాదు, ఎప్పటికీ. తర్వాత వాడేం చేస్తాడు? వాడికింకేం రాదు. బడిలో లెక్కలు రాలేదు, దుకాణంలో కూర్చోబెడితే మూడో రోజుకే పారిపోయాడు, నీళ్లలోకి దిగాకే మనిషయ్యాడు. ఆ మాట నా నోటినుంచి వస్తే వాడు నా మొహం చూడడు. రాకపోతే వాడి మొహం నేను చూస్తానో లేదో. నోరు ఆగదని పేరున్నదాన్ని, మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను, నొక్కలేదు. తెర మీద తోడువాడు తమ్ముడి భుజాల మీదికి సూటు లాగాడు. తర్వాత గ్లవ్‌లు. తర్వాత శిరస్త్రాణం. అది పెట్టాక నీళ్లు. వాడు ఒకసారి నీళ్లలో పడ్డాక నేను కోయడానికి లేదు, కరెంటున్న కేబుల్ అది, మనిషి నీళ్లలో ఉండగా కోయకూడదు.

“నువ్వెళ్లి టీ తాగి రా” అన్నాను మౌనంతో. వాడు నావైపు చూశాడు, ఇనప చేతులు నడిపే పిడి వైపు చూశాడు, ఆ కుడి ఇనప చేతిలో తాళ్లు కోసే కత్తెర ఉందని వాడికి తెలుసు. “టీ అక్కర్లేదు మేడమ్” అన్నాడు. “అక్కరుంది. వెళ్లు.” లేచాడు. తలుపు దగ్గర ఆగి, “పంచదార వెయ్యనా?” అన్నాడు. అర్థం చేసుకునే మనిషంటే అలా ఉండాలి. తలుపు మూసుకుంది.

వాడి కుర్చీలోకి జరిగాను. ఇనప చెయ్యి నాకంత బాగా నడపడం రాదు, ఏ మాటకామాట, కాస్త వణికింది, ముందుకి కాదు వెనక్కి మడిచి, గేదె తన వీపు తాను గోక్కున్నట్టుగా, దాని నడుం దగ్గరున్న కేబుల్ దాకా తెచ్చాను. కత్తెర తెరుచుకుంది. గేదె వీపు చూపించే ఈ కెమెరా బొమ్మ మా గదికే వస్తుంది, గడియారం గదికి పోదు. తెర నిండా ఆ పసుపు కేబుల్, దాని మీద చిన్న గీతలు, ఎవరో ఎప్పుడో చుట్టిన నల్ల టేపు. నలక కూడా లేదు, అంత తేటగా ఉంది. డెక్ తెర మీద తోడువాడు శిరస్త్రాణం ఎత్తుతున్నాడు. పిడి నొక్కాను.

అన్ని తెరలూ నల్లబడ్డాయి. గోడమీద బ్రేకరు టక్కున పడింది, గదిలో యంత్రాల్ని చల్లబరిచే ఫ్యాన్ల రొద ఆగింది, ఇంతసేపూ ఆ రొద వింటున్నానని అప్పుడు తెలిసింది. డెక్ తెర ఒక్కటే వెలుగుతోంది. అక్కడ అందరూ రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తారు. కాసేపటికి నీళ్లు ఉబ్బి, గేదె పసుపు వీపు తేలింది, ఎవడో చప్పట్లు కొట్టాడు. రెయిలింగ్ దగ్గర తమ్ముడు లేడు. బెంచీ ఖాళీగా ఉంది. వస్తున్నాడని తెలుసు, తిట్లన్నీ ముందే విన్నట్టుగా ఉన్నాయి చెవుల్లో, గేదెతో ఒకసారి, ఇప్పుడు రెండోసారి నా పని తీసేశావే అంటాడు, అన్నీ పడదామనే కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది. భయం తీరాక వచ్చే ఏడుపు, దాన్ని ఆపడం ఎవరివల్లా కాదు.

తలుపు తెరిచి వచ్చాడు, సూటులోనే, మెడదాకా జిప్పు, ఎడమచేతికి గ్లవ్ ఉంది, కుడిచేతి గ్లవ్ సగం వేలాడుతోంది. నా కుర్చీ ఖాళీగా ఉంది కదా, దాంట్లో కూలబడ్డాడు. నల్ల తెరల్ని చూశాడు.

“చెప్పావా?” అన్నాడు.

“లేదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వే కదరా చెప్పొద్దన్నావు.”

“నేనన్నాననుకో” అని, ఆ గ్లవ్‌ని పట్టుకుని లాగాడు, రాలేదు, వదిలేశాడు. “తొడుగుతున్నప్పుడు వేళ్లన్నీ లోపలికి వెళ్లాయా అని పక్కవాణ్ణి అడిగాను అక్కా. జోకనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నువ్వు చెప్పేస్తావనుకుని కూర్చున్నాను అక్కడ. నీ నోరు ఆగదు కదా. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అనుకుంటూనే ఉన్నాను. హెల్మెట్ కూడా ఎత్తేశారు.”

పళ్లు రాలగొట్టాలనిపించింది. దగ్గరికి లాక్కోవాలనీ అనిపించింది. ఏమీ చెయ్యలేదు, కొంగులేని చొక్కా చేతులతో కళ్లు తుడుచుకున్నాను. స్పీకర్ కరకరలాడింది. “ఏమైందక్కడ? కేబుల్ ఎలా తెగింది? నలిగి తెగిందా?” నలిగి తెగింది సార్, అంటే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, నాకూ ఏమీ కాదు, వాడికీ ఏమీ కాదు, మళ్లీ ఇంకో రోజు వాడి వంతు వస్తుంది. చెయ్యి చాపాను. వాడు అడ్డంవచ్చి మీట మీద తన వేలు పెట్టాడు, కుడిచేతి వేలే, గ్లవ్ లోంచి బయటికొచ్చిన ఒక్క వేలు. నొక్కిందో లేదో వాడికి తెలియలేదు. వంగి, మీట పక్కన ఎర్రలైటు వెలిగిందా అని చూసుకున్నాడు, వెలిగింది.

“తెగలేదు సార్, అక్క కోసింది. నా చెయ్యి పనిచెయ్యదు, అందుకని. నేనొచ్చి చెప్తాను.”